ఆ ఒక్క పాయింటు సంగతి



గత సంచికలో ఫార్ములా వన్ మేటి డ్రైవర్ల మీద వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. కానీ స్టిర్లింగ్ మాస్‌ను ‘టైటిల్ గెలవలేకపోయిన డ్రైవరు’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం అన్యాయం. 66 రేసుల్లో 16 విజయాలు ఆయనవి. 1955 నుంచి 1958 దాకా వరసగా నాలుగేళ్లూ రెండో స్థానమే.

ఆ నాలుగో ఏడాది ఏం జరిగిందో వ్యాసకర్త రాసి ఉండాల్సింది. 1958 ఆగస్టులో పోర్చుగల్‌లోని పోర్టో వీధుల్లో జరిగిన రేసు మాస్ గెలిచారు. రెండోవాడిగా వచ్చిన మైక్ హాథార్న్, ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేయడానికి ఎదురు దిశలో నడిపారంటూ అధికారులు ఆయన్ను అనర్హుణ్ని చేయబోయారు. టైటిల్‌కు మాస్‌తో పోటీ పడుతున్నది ఆయనే. అయినా మాస్ స్వయంగా ముందుకొచ్చి, కారు కదిలింది ట్రాక్ మీద కాదు, పక్కనున్న కాలిబాట మీదనని సాక్ష్యం చెప్పారు. హాథార్న్ పాయింట్లు నిలిచాయి. సీజన్ ముగిసేసరికి హాథార్న్‌కు 42, మాస్‌కు 41. ఆ ఏడాది మాస్ గెలిచినవి నాలుగు రేసులు, హాథార్న్ గెలిచింది ఒక్కటే!

ఇక 1955లో మాస్ గెలిచిన మిల్లె మిలియా రేసు. ఇటలీలోని మామూలు రోడ్ల మీద సుమారు 1,600 కిలోమీటర్లు, 10 గంటల 7 నిమిషాల్లో. పక్క సీట్లో నావిగేటర్ డెనిస్ జెన్కిన్సన్, ముందే రాసుకున్న కాగితం చుట్టను తిప్పుకుంటూ, చేతి సైగలతో మలుపులు చెప్పారు. ఈ విజయం ఫార్ములా వన్ పట్టికలోకి రాదు.

1962లో గుడ్‌వుడ్ ట్రాక్ మీద జరిగిన ప్రమాదంతో 32 ఏళ్లకే ఆయన కెరీర్ ఆగిపోయింది. దయచేసి మాస్ మీద విడిగా ఒక పూర్తి వ్యాసం వేయించండి.

– ఒక పాఠకుడు, విజయవాడ