టీకా మంచిదే, సంతకం ఎవరిది?

శాన్ రామన్‌లో మన అమ్మాయికి పదకొండు, పన్నెండేళ్లు రాగానే పిల్లల డాక్టరు హెచ్‌పీవీ టీకా సంగతి ఎత్తుతారు. "ఇంత చిన్నపిల్లకి ఇప్పుడే ఎందుకు?" అన్న సందేహం మనలో చాలామందికి వస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి దాదాపు ప్రతిసారీ కారణం ఈ హెచ్‌పీవీ వైరసే. లైంగిక సంబంధం ద్వారా సోకుతుంది, క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. టీకా ఆ వైరస్‌ని రాకుండా ఆపగలదు గానీ, వచ్చినదాన్ని పోగొట్టలేదు. అందుకే ముందే వేయాలి. స్కాట్లండ్‌లో 12, 13 ఏళ్లకే పూర్తిగా టీకా వేయించుకున్న అమ్మాయిల్లో ఈ క్యాన్సర్ ఒక్కరికీ రాలేదని 2024లో అక్కడి పరిశోధకులు ప్రకటించారు.

ఇంత మంచి టీకా అంటే మన ఊళ్లలో భయం ఎందుకు? జవాబు చాలావరకు ఖమ్మంలో ఉంది.

2009లో అమెరికన్ సంస్థ పాత్, ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి ఈ టీకా వేయించాయి. వారిలో గిరిజన హాస్టళ్ల పిల్లలు ఎంతోమంది. అక్కడ, గుజరాత్‌లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. పాముకాటు, పురుగుమందు, నీట మునగడం వంటి కారణాలు బయటపడ్డాయి. మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చని విచారణ కమిటీ తేల్చింది.

కానీ అదే విచారణలో ఇంకో సంగతి బయటపడింది. చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం చేసింది తల్లిదండ్రులు కాదు, హాస్టల్ వార్డెన్లు! 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

కాలిఫోర్నియాలో 2012 నుంచి పన్నెండేళ్ల అమ్మాయి ఈ టీకాకి తనే అంగీకారం ఇవ్వవచ్చు. ఆ చట్టం మనకి నచ్చినా నచ్చకపోయినా, నిర్ణయంలో ఆ పిల్లకి కూడా మాట ఉందని అది ఒప్పుకుంటుంది. భద్రాచలం పిల్లకి మాట లేదు, ఆమె అమ్మానాన్నలకీ లేదు. పేదవాళ్లకి వివరించడం దండగ అనుకునే పాలన టీకా వేయగలదేమో గానీ, నమ్మకం సంపాదించలేదు.

ఆ నమ్మకం పోయినందుకు మూల్యం చిన్నది కాదు. 2022 అంచనాల ప్రకారం భారతదేశంలో ఒక్క ఏడాదిలో సుమారు 80 వేల మంది స్త్రీలు ఈ క్యాన్సర్‌తో చనిపోయారు. ఇప్పుడు పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ టీకా సెర్వావాక్ ఉంది. ఒక్క డోసు కూడా మంచి రక్షణ ఇస్తుందని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కాబట్టి మందు కొరత కన్నా నమ్మకం కొరతే పెద్దది.

మనం చేయగలిగింది ఉంది. ఇక్కడ మన పిల్లలకి, అబ్బాయిలతో సహా, టీకా వేయిద్దాం. ఊళ్లో అక్కచెల్లెళ్లకి ఫోన్ చేసినప్పుడు ఈ మాట సిగ్గుపడకుండా చెబుదాం. ముప్పై దాటినవాళ్లని పరీక్ష చేయించుకోమందాం, ఎందుకంటే టీకా ఉన్నా పరీక్ష అవసరమే. సొంత ఊళ్లో టీకా శిబిరానికి డబ్బు పంపేవాళ్లు ఒక షరతు పెట్టండి: తల్లిదండ్రులకి తెలుగులోనో, కోయలోనో వివరించాలి, వాళ్ల సంతకమే తీసుకోవాలి, తర్వాత పిల్లకి జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలో చెప్పాలి. ఇవి లేకుండా శిబిరం పెడితే, మనమే ఇంకో ఖమ్మానికి చందా ఇచ్చినట్టు.