దొరకలేదన్నదీ ఫలితమే

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు పేరు మీరు వినే ఉంటారు. కొబ్బరికాయ కొనేవారు దానిని చెవి దగ్గర ఊపి చూస్తారు. గలగలమంటే లోపల నీరున్నట్టే. మరి చప్పుడు కాకపోతే? నీరు లేదనుకుంటే పొరపాటు. నిండుగా నీరున్న లేత బొండమూ చప్పుడు చేయదు! ‘వినపడలేదు’ అనడం వేరు, ‘లేదు’ అనడం వేరు.

శాస్త్రజ్ఞుల చేతిలోనూ ఇలాంటి కాయ ఒకటి ఉన్నది. అదే న్యూట్రినో. దానికి విద్యుదావేశం ఉన్నట్టు ఇంతవరకు కనబడలేదు. భూగోళం అడ్డువచ్చినా సాధారణంగా ఆగదు. 1930లో పౌలీ ఈ కణాన్ని ఊహిస్తూ రాసిన ఉత్తరంలోనే దీనికి అయస్కాంత గుణం ఉండవచ్చునన్నాడు. ఉన్నదా మరి?

1965లో కోలారు బంగారు గనిలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టిన వారిలో మన టాటా మౌలిక పరిశోధన సంస్థవారున్నారు. ఆ సంస్థే తరువాత జెనీవా దగ్గర సెర్న్‌లో ఎల్-3 ప్రయోగంలోనూ పాల్గొన్నది. అక్కడ 27 కిలోమీటర్ల సొరంగంలో ఎలక్ట్రాన్లను, పాజిట్రాన్లను ఎదురెదురుగా ఢీకొట్టించేవారు. అప్పుడప్పుడు ఒక్క ఫోటాన్ మాత్రమే కనిపించేది. మిగిలిన శక్తిని న్యూట్రినోలు పట్టుకుపోయాయన్నమాట. న్యూట్రినోకు చెప్పుకోదగ్గ అయస్కాంత గుణమే ఉంటే, బాగా శక్తిగల ఒంటరి ఫోటాన్లు లెక్కకు మించి రావాలి. రాలేదు.

అప్పుడు వారేమన్నారు? ‘ఆ గుణం లేదు’ అనలేదు. ‘టౌ రకం న్యూట్రినోకు అది ఉన్నా, ఎలక్ట్రాన్ అయస్కాంత బలంలో పది లక్షలకు సుమారు మూడు పాళ్ళు మించదు’ అని 1997లో ప్రకటించారు. న్యూట్రినోకు ఉన్న కొద్దిపాటి ద్రవ్యరాశినిబట్టి సిద్ధాంతం చెప్పే విలువ ఇంతకన్నా లక్షల కోట్ల రెట్లు చిన్నది. ఈ రెంటి నడుమ ఎక్కడ దొరికినా అది కొత్త విజ్ఞానానికి తలుపు తీసినట్టే. అదే సొరంగంలో నేడు ప్రోటాన్లు ఢీకొంటున్నాయి. వాటినుంచి పుట్టిన న్యూట్రినోలను 480 మీటర్ల దూరాన నేరుగా పట్టామని ఫేజర్ బృందం 2023లో తెలిపింది. వెతుకులాటకు మరో దారి ఏర్పడింది.

‘ఇంత ఖర్చుపెట్టి దొరకలేదని చెప్పడమా?’ అని కొందరంటారు. నేనొప్పుకోను. ఎక్కడిదాకా వెతికామో అంకెతో చెబితే, తరువాతివాడు అక్కడినుంచి మొదలుపెడతాడు.

మరి మన బడిలో? లోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం 9.4 వస్తే, పక్కవాడి రికార్డు చూసి 9.8 అని దిద్దుతాం. చదువుకునే రోజుల్లో నేనూ దిద్దాను. మార్కులు వచ్చాయి; తప్పెక్కడ జరిగిందో మాత్రం తెలియకుండా పోయింది. ఉపాధ్యాయులు సరైన జవాబుకే కాక, నిజమైన కొలతకూ మార్కులు వేయాలి. మీరు మాత్రం వచ్చిన అంకెనే రాయండి. ఎందుకలా వచ్చిందో వెతకండి. సైన్సు మొదలయ్యేది అక్కడే.