చెల్లు రాసిచ్చిన అప్పు

ఆషాఢ మాసంలో హరిబౌలి అక్కన్న మాదన్న మహంకాళి ఆలయానికి వెళ్ళినవారు పాతబస్తీలో గుమ్మడికాయను పగులగొట్టి కుంకుమ చల్లడం చూసే ఉంటారు. ప్రాణికి బదులుగా కాయ. ఒకరి స్థానంలో మరొకటి నిలవడమన్న భావన మనకు ఇంత పరిచితమైనదే. అయినా ‘క్రీస్తు మన పాపాల కోసం బలి అయ్యాడు’ అని క్రైస్తవ సోదరులు అన్నప్పుడు మనలో చాలామంది నొసలు ముడివేస్తారు. ఎవరి కర్మ వారిది కదా, ఒకరి పాపాన్ని మరొకరు తీర్చడమేమిటని అడుగుతారు.

ప్రశ్న సమంజసమైనదే. ప్రాయశ్చిత్తమన్న మాట వారూ వాడతారు, మనమూ వాడతాము. మన ధర్మశాస్త్రాలలో అది పాపం చేసినవాడు తానే ఆచరించవలసిన కృచ్ఛ్ర చాంద్రాయణాది వ్రతం. వారి విశ్వాసంలో మానవునికి అసాధ్యమైనందున దైవమే నెరవేర్చిన కార్యం. పూర్వం మళ్ళీ మళ్ళీ అర్పించిన జంతుబలుల అవసరం తీరిందనీ, శిలువపై జరిగినది ఒక్కసారికే చాలుననీ వారి హెబ్రీ పత్రిక వాదిస్తుంది. మాట ఒకటే, అర్థం వేరు. అన్ని మతాలూ ఒకటే చెబుతాయని తేల్చివేయడం ఔదార్యంలా కనిపించే బద్ధకమని నా అభిప్రాయం.

మరి దేవుడు ఊరకే క్షమించరాదా? కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అన్సెల్మ్ 1098లో ముగించిన గ్రంథంలో ఈ ప్రశ్ననే ఎదుర్కొన్నాడు. అప్పును ఊరకే కొట్టివేస్తే న్యాయం చెడుతుంది. తీర్చవలసినవాడు మానవుడు, తీర్చగలిగినవాడు దైవం. కనుక దేవుడే మానవుడు కావలసివచ్చిందని ఆయన సమాధానం.

ఈ వాదన చదివినప్పుడు నాకు గోల్కొండ కోటలోని రామదాసు చెర గుర్తుకు వచ్చింది. అక్కన్న మాదన్నల మేనల్లుడైన కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాద్రి ఆలయం కట్టించాడు. ఉద్దేశం ఎంత పవిత్రమైనా బాకీ బాకీయే. (మనం కథ చెప్పుకునేటప్పుడు ఈ సంగతిని త్వరత్వరగా దాటవేస్తాము!) శ్రీరాముడు తానీషాను ‘విడిచిపెట్టు’ అని ఆజ్ఞాపించి ఉండవచ్చు. అలా చేయలేదు. రామోజీ, లక్ష్మోజీలుగా అన్నదమ్ములిద్దరూ వచ్చి, ఆరు లక్షల మొహరీలు లెక్కించి ఇచ్చి, రసీదు పుచ్చుకున్నారని మన సంప్రదాయం చెబుతోంది. ఖజానాకు నష్టం రాలేదు, భక్తుడికి విముక్తి కలిగింది.

పోలికను ఇంతకంటే సాగదీయరాదు. స్వామి ఇచ్చినది ధనం. క్రైస్తవుల నమ్మకంలో తీర్చినవాడు ఇచ్చినది ప్రాణం. గోపన్నది ఒక్కడి బాకీ. వారు చెప్పేది మానవజాతి బాకీ.

కృపకు మన ప్రయత్నం కావాలా, అక్కరలేదా అన్న తగవు మాత్రం ఇరువురికీ ఉన్నది. కోతిపిల్లలా మనమే తల్లిని పట్టుకోవాలా, పిల్లికూనలా తల్లే నోట కరచుకుపోతుందా అని శ్రీవైష్ణవాచార్యులు తరతరాలుగా చర్చించారు. కేవలం విశ్వాసం చేతనే రక్షణ అని జర్మనీలో లూథర్ పట్టుబట్టడంతో 16వ శతాబ్దంలో పాశ్చాత్య క్రైస్తవం చీలింది.

గోపన్న కథ ఈ చర్చలో ఎటు మొగ్గుతుందో మీరే ఆలోచించండి. పన్నెండేళ్ళు చెరలో మొరపెట్టుకున్నవాడికి ఆ రాత్రి దర్శనం కాలేదు. అడగని తానీషాకు అయింది. రసీదు వచ్చి తలగడ కింద చేరే వేళకు రామదాసు నిద్రపోతున్నాడు.