తూకానికి వేసే ముందు

మన కుటుంబాలలో పాత ఇల్లు ఇంకా మిగిలి ఉన్నవారి పెరటి వైపు పోతే, మేడమెట్ల క్రిందనో నీళ్ళతొట్టి ప్రక్కనో గోడకు చేరబడిన నల్ల సైకిలు ఒకటి తరచు కంటబడుతుంది. టైర్లు చీకిపోయి, గొలుసు తుప్పు పట్టి, వెనుక క్యారియరు మీద పాత చాపలు మోస్తూ ఉంటుంది. ఇల్లు అమ్మేటప్పుడో, అన్నదమ్ములు పంచుకొనేటప్పుడో దాని సంగతి విచారణకు వస్తుంది. తీర్పు మాత్రం ఎప్పుడూ ఒకటే: పాత ఇనుము క్రింద తూకానికి వేసెయ్యండి! ఆ మాట అనే ముందు ఒక్క పూట ఆగండని ఈ నెల నా మనవి.

ఎందుకంటే నల్ల సైకిళ్ళన్నీ ఒకటి కావు. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్సు, 1951లో సోనీపట్‌లో అట్లాసు, 1956లో లూధియానాలో హీరో వచ్చాయి గాని, అంతకు ముందు మన వీధులలో తిరిగినవి చాలావరకు ఇంగ్లీషు బండ్లే. తరువాత ఇక్కడ తయారైనవీ ఆ మాదిరి చూసి చేసినవే. మీ ఇంట్లోది ఏదో తెలియాలంటే గుడ్డతో మురికి తుడిచి పెడలు దగ్గర పళ్ళచక్రం చూడండి. అందులో కొంగ తలలు కత్తిరించి ఉంటే అది నాటింగ్‌హాం రాలీ. చెయ్యి బొమ్మ ఉంటే రడ్జి. మనుషుల బొమ్మలుంటే హంబరు. ఆ తరువాత వెనుక చక్రం నడుమ హబ్బు చూడండి. అది మామూలు కంటె లావుగా ఉండి, దాని మీద స్టర్మీ ఆర్చర్ అనే పేరు, ఎ.డబ్ల్యు. అనే అక్షరాలు ఉన్నట్లయితే మీ పెద్దలు సామాన్యమైన బండి కొనలేదన్నమాట. అది మూడు గేర్ల బండి. ప్రక్కన 54 అని ఉంటే ఆ హబ్బు 1954లో తయారైనది. (చక్రం మధ్యలో మార్చి ఉండవచ్చు గనుక బండి వయస్సు కూడా అదేనని ప్రమాణం చేయలేము.)

ఇటువంటివాటిని టూరింగు బండ్లనేవారు. ఊళ్ళో అంగడికి పోయి రావడానికి గాక ఊళ్ళ మీద తిరగడానికి చేసినవి. ఇంగ్లండులో సైకిలు యాత్రలకని 1878లోనే క్లబ్బు పెట్టుకున్నారు. మన దేశంవాళ్ళూ తక్కువ తినలేదు. 1923 అక్టోబరులో బొంబాయి నుండి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ళ మీద ప్రపంచం చుట్టడానికి బయలుదేరితే, ఆదీ హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా అనే ముగ్గురు పట్టు విడవక 44,000 మైళ్ళు తొక్కి 1928 మార్చిలో ఇల్లు చేరారు.

మా పెదనాన్నగారు అంత దూరం పోలేదు. పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. 1960లో ఒక దొర ఊరు విడిచి పోతూ అమ్మిన రాలీ బండి కొన్నారు. పెరటాసి శనివారాలకు మద్రాసు నుండి తిరుపతికి దాని మీదనే పోయేవారు. రిటైరయ్యే రోజులకు మాత్రం బండి మోయరాని బరువైపోయింది. వంతెన ఎక్కాలంటే దిగి త్రోయవలసి వచ్చేది. పిల్లలు తొక్కి చూసి ఏనుగులాగ ఉన్నదని వదిలేశారు. ఆ అపవాదు మీదనే అది ముప్ఫై ఏళ్ళు మెట్ల క్రింద ఉండిపోయింది. మొన్న ఆ ఇంటిని ఫ్లాట్లు కట్టేవారికి ఇచ్చేటప్పుడు మా పెద్దమ్మ నాతో, “తీసుకుపోరా నాయనా. కాళ్ళలో సత్తువ పోయిందని మీ పెదనాన్న దీన్ని చూసే కుమిలిపోయేవారు. నా కళ్ళ ఎదుట మాత్రం తూకం వేయించకు” అన్నది.

మా పేటలో సైకిలు షాపు పెట్టుకున్న ముసలాయన వెనుక చక్రం పైకెత్తి, పెడలు నాలుగు చుట్లు త్రిప్పి, అరవంలో చెప్పిన మాట ఇది: “కాళ్ళ తప్పు కాదు సార్. బండి తప్పూ కాదు. గేరు కేబులు తెగిపోయింది. కేబులు లేకపోతే ఇది ఎప్పుడూ మూడో గేరులోనే ఉంటుంది.”

ఈ హబ్బు తీరే అంత. రెండో గేరులో వెనుక పళ్ళచక్రం ఎంత తిరిగితే బండి చక్రమూ అంతే తిరుగుతుంది. మొదటి గేరులో దానిలో ముప్పాతిక వంతు. మూడో గేరులో దానికి మరి మూడో వంతు ఎక్కువ. మూడోది చదును నేల మీద, వెనుక గాలి ఉన్నప్పుడు వాడుకోవలసినది. కేబులు బిగువుగా లాగితే మొదటి గేరు పడుతుంది. పూర్తిగా వదులైతే మూడోదే. కనుక కేబులు తెగిన బండిని ఎదురుగాలిలోనూ ఎత్తు మీదనూ మూడో గేరుతోనే లాగాలి. పెద్దమ్మకు ఈ సంగతి ఫోనులో చెప్పాను. “అయితే ఆయన కాళ్ళు బాగానే ఉన్నాయన్నమాట” అని మాత్రం అన్నది.

ఇక చేయవలసిన పని. హబ్బు నడుమ చిన్న మూత గల నూనె రంధ్రం ఉంటుంది. ముందు అందులో కొంచెం కిరసనాయిలు పోసి చక్రం త్రిప్పుతూ ఎండిన జిడ్డును కరగనిచ్చి, అది కారిపోయిన తరువాత పలుచని యంత్రపు నూనె వేయాలి. వంటింటి కొబ్బరినూనె గాని ఆముదం గాని వద్దు, ఎండి బంకవుతాయి. లోపలి చిన్న కొక్కేలకు గట్టి గ్రీజు పెట్టినా అవి అంటుకుపోయి గేరు జారుతుంది. ఆ తరువాత క్రొత్త కేబులు. మీట రెండో గేరులో పెట్టి, కుడి ప్రక్క ఇరుసు నట్టుకు ఉన్న కిటికీలోంచి చూడండి. చిన్న గొలుసు వచ్చి కలిసే పుల్ల భుజం ఇరుసు చివరతో సమంగా ఉండాలి. ఇది సరిచూడకుండా ఎవరినీ ఎక్కనివ్వకండి. రెండుకూ మూడుకూ నడుమ ఎక్కడా పట్టని చోటు ఒకటి ఉన్నది. లేచి నిలబడి తొక్కేవాడికి అక్కడ పెడలు ఒక్కసారిగా జారి మోకాలు పగులుతుంది.

పెడలు చేతులను పట్టి ఉంచే కాటరు పిన్నులు మరొక గండం. ముందు రోజే కిరసనాయిలు తడిపి ఉంచాలి. నట్టును పిన్ను మర చివరకు సమంగా వచ్చేదాకా వదులు చేసి, పెడలు చేయి క్రింద గట్టి కొయ్య ఆన్చి, అప్పుడు కొట్టాలి. ఆన్చకుండా కొడితే ఆ దెబ్బ లోపలి బాల్సు మీద పడి, అవి తిరిగే గిన్నెలకు సొట్టలు పడతాయి. రాలీ వారి గిన్నెల మర అంగుళానికి 26 చుట్లు; ఇతరులది 24. కాబట్టి ఆ గిన్నెలను పొరపాటున కూడా పారవేయనివ్వకండి. బాల్సు మాత్రం మార్చండి, అవి పావలంగుళం కొలతవి, ఎక్కడైనా దొరుకుతాయి.

రంగు విషయంలో మా ఇంట్లో వాదం వచ్చింది. పూణేలో ఉన్న మా అన్నయ్య, “తమ్ముడూ, ఖర్చు చూడకు. పాత రంగు గీకించి క్రొత్తది వేయించు, మెరుపు పూత పెట్టించు, హాల్లో నిలబెట్టుకుందాం” అన్నాడు. నాకు ఇష్టం లేకపోయింది. గీకితే కంపెనీవారి బంగారు గీతలు, అక్షరాలు అన్నీ పోతాయి. మళ్ళీ ఎవరు వేసినా అది వేరే బండి. సబ్బునీళ్ళతో మెత్తగా కడిగి, ఆరిన తరువాత మైనం పాలిషు రుద్దితే చాలు. అక్షరాల మీద పెట్రోలు గాని థిన్నరు గాని తగలనివ్వరాదు. హ్యాండిలు మీది సన్నని తుప్పుకు వంటింటి అల్యూమినియం రేకును తడిపి రుద్దితే ఆశ్చర్యంగా పోతుంది. మురికి పోయేసరికి అడ్డు కడ్డీ మీద ఒకచోట రంగు రాసుకుపోయి ఇనుము బయటపడింది. చిన్నప్పుడు అన్నయ్యను కూర్చోబెట్టుకోవడానికి బిగించిన చిన్న సీటు చోటది. ఫొటో తీసి పంపాను. తరువాత రంగు మాట ఎత్తలేదు.

తోలు సీటుకు కూడా ఆత్రపడి నూనె పట్టించకండి. నానిన తోలు ఉయ్యాలలాగ జారుతుంది. తోలు మైనం పలుచగా రాసి, ముందరి బోల్టును అర చుట్టు మాత్రం బిగించాలి.

ఇంగ్లండులో ఈ హబ్బుల తయారీ 2000తో ముగిసినా, ఆ పేరు కొన్న తైవానువారు తయారు చేస్తూనే ఉన్నారు గనుక మీట, కేబులు తెప్పించుకోవచ్చు. పెద్ద ఖర్చనుకున్న టైర్లు మాత్రం అతి సులభం. ఈ బండి చక్రాలు 28 ఒకటిన్నర కొలతవి, మన నల్ల సైకిలుదీ అదే కొలత. కడ్డీ బ్రేకుల రబ్బరు ముక్కలూ పేట షాపులోనే ఉన్నాయి. మొదటి వారం తొక్కిన తరువాత కాటరు నట్లు మరల ఒకసారి బిగించుకోవాలి. మా బండికి ఆ పని వచ్చే ఆదివారం.