తప్పు మనది కాదు, పాత చిప్‌ది

మన హాస్టళ్లకు వేరేవాళ్లు వాడి వదిలేసిన కంప్యూటర్లు వచ్చినప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. టెన్సర్‌ఫ్లో తెరవగానే 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని ఆగిపోతే, "నాకు కోడింగ్ రాదు" అని కోర్సు వదిలేయొద్దు.

2018లో వచ్చిన 1.6 వెర్షన్ నుంచి టెన్సర్‌ఫ్లోను, లెక్కలు వేగంగా జరగాలని, ఏవీఎక్స్ ఆదేశాలతో తయారుచేసి ఇస్తున్నారు. ఇంటెల్ చిప్‌లలో అవి మొదలైంది 2011లో. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లపాటు పెంటియం, సెలెరాన్ చిప్‌లకు అవి పెట్టలేదు. చిప్‌కు తెలియని ఆదేశం వస్తే ప్రోగ్రాం అక్కడే ఆగిపోద్ది. అంతే.

ప్రతిసారీ ఒకేచోట ఇదే మాటతో ఆగితే చిప్‌ను అనుమానించాలి. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే ర్యామ్, వేడి, దుమ్ము చూడాలి. లినక్స్‌లో 'ఎల్‌ఎస్‌సీపీయూ' అని కొడితే ఏవీఎక్స్ ఉందో లేదో తెలుస్తది. లేకపోతే బ్రౌజర్‌లో గూగుల్ కొలాబ్ వాడుకోవచ్చు, దానికి నెట్, గూగుల్ అకౌంట్ ఉండాలి.

నా అభిప్రాయం ఒక్కటే. ఉచితంగా ఇచ్చినా సరే, చిప్ ఏదో అడిగే తీసుకుందాం. ఫొటోకి పది కంప్యూటర్లు కాదు, చదువుకు పనికొచ్చేవి రెండున్నా చాలు.

జై ఆదివాసీ!