అడగవలసిన ప్రశ్న

గోదావరీ తీరాన ఉన్న బాసర క్షేత్రానికి తల్లిదండ్రులు పసిపిల్లలను వెంటబెట్టుకొని వస్తారు. జ్ఞానసరస్వతి సన్నిధిలో బిడ్డ చేయి పట్టుకొని తొలి అక్షరాలు దిద్దిస్తారు. పెద్దల చేతి వెంట పసిచేయి కదులుతుంది. 'ఈ గీత ఇటే ఎందుకు తిరగాలి?' అని ఆ వయసులో ఏ బిడ్డా అడగదు. అడగకపోయినా నష్టం లేదు. అక్షరాలు నిత్యజీవితంలో కలిసిపోయి, వాటి ప్రయోజనం కాలక్రమాన తెలిసివస్తుంది.

అదే బాసరలో 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం ఏర్పడింది. నాడు ఆదిలాబాదు జిల్లాలోనిది, 2016 నాటి పునర్విభజన తరువాత నిర్మల్ జిల్లాలోనిది అయిన ఈ విద్యాకేంద్రంలో పదవ తరగతి ముగించిన విద్యార్థులు ఆరేండ్ల సమీకృత విద్య కోసం చేరుతారు. పల్లెలలోని ప్రభుత్వ పాఠశాలల నుండి వచ్చిన పిల్లలకు ఇక్కడ పెద్దపీట. ఇక్కడే కాదు, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల పట్టణాల కళాశాలలలో కూడ ఏటా ఎందరో విద్యార్థులు కంప్యూటరు భాష తొలి పాఠం వింటున్నారు. దానిని రెండవ అక్షరాభ్యాసం అనవచ్చును. అయితే పదహారేండ్లు నిండిన విద్యార్థి పసివాడు కాడు. చేయి పట్టి దిద్దించినంత మాత్రాన అతనికి తృప్తి కలగదు. ప్రశ్నలు పుడతాయి. పుట్టిన ప్రశ్న పెదవి దాటక లోపలే అణగిపోవడమే ఈ విద్యలో జరుగుతున్న పెద్ద నష్టం.

కంప్యూటరు భాష నేర్చుకొనేవారు మొట్టమొదట 'హలో వరల్డ్' అనే పలకరింపును తెర మీద చూపే ప్రోగ్రాం రాయడం ఆచారం. బ్రయన్ కెర్నిగన్, డెన్నిస్ రిచీ కలిసి సి భాష మీద రాసిన గ్రంథం 1978లో వెలువడి ఈ ఆచారాన్ని లోకమంతటా వ్యాపింపజేసింది. మన ఓనమాలవంటిదే ఇది. సి భాషలో దానికి కొద్ది పంక్తులు చాలు. 1995లో వెలువడిన జావా భాషలో మాత్రం ఆ పలకరింపు కన్న ముందు ఒక క్లాస్‌ను ప్రకటించి పేరు పెట్టాలి. ఆ పిదప పబ్లిక్, స్టాటిక్, వాయిడ్, మెయిన్ అని వరుసగా రాయాలి. వీటిలో ఒక్క మాటకైనా అర్థం తెలియని విద్యార్థి, అన్నింటినీ అక్షరం తప్పకుండా ఎక్కించుకోవాలి. "సార్, ఒక్క మాట చూపడానికి ఇన్ని మాటలెందుకు?" అని వెనుక బల్ల మీది విద్యార్థి అడుగుతాడు. "ఇప్పటికి ఇట్లాగే రాయండి, తరువాత తెలుస్తుంది" అన్నది తరచుగా వచ్చే సమాధానం. అది తప్పని అనలేము. అన్నీ మొదటినాడే విప్పిచెప్పడం ఎవరి తరమూ కాదు. కాని ఆ 'తరువాత' ఎప్పుడో చెప్పకపోతే అది సమాధానం అనిపించుకోదు, వాయిదా అవుతుంది. ఏడాది గడిచేసరికి ఆ మాటలు కంఠస్థమవుతాయి. ప్రశ్న మరుగున పడుతుంది.

ఇంతకూ ఈ క్లాస్, ఆబ్జెక్ట్ అనేవి ఎక్కడివి? వాస్తవ ప్రపంచంలోని వ్యవస్థల నడకను కంప్యూటరులో అనుకరించి చూడాలన్న కోరికతో నార్వే దేశీయులైన ఓలే యోహన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ 1967 నాటికి సిములా 67 అనే భాషను రూపొందించారు. లెక్కలను ఒకచోట, అంకెలను వేరొకచోట ఉంచే పాత పద్ధతికి మారుగా, ఒక వస్తువుకు సంబంధించిన సమాచారమూ, ఆ వస్తువు చేయగల పనులూ ఒకేచోట ఉండాలన్నది వారి ఊహ. 1970లలో అమెరికాలో ఆలన్ కే బృందం స్మాల్‌టాక్ అనే భాషలో ఈ ఊహను ముందుకు నడిపింది. తెర మీద కిటికీలవంటి చట్రాలు, మౌస్‌తో నొక్కే గుర్తులు ఆ పరిశోధనశాలలోనే చాలవరకు రూపుదిద్దుకొన్నాయి. 1991లో వచ్చిన విజువల్ బేసిక్ ఆ తెరను సామాన్య విద్యార్థి చేతికి అందించింది. ఫారం మీద బటన్‌ను లాగి పెట్టడం, దానిని నొక్కితే ఏమి జరగాలో రాయడం, అంతే. బొమ్మరిల్లు కట్టినంత సులభంగా కనిపించే ఈ పనిలోనే తొలి చిక్కులన్నీ ఉన్నాయి.

క్లాస్‌ను అచ్చుతోను, ఆబ్జెక్ట్‌ను ఇటుకతోను పోల్చి చెప్పడం అధ్యాపకులకు పరిపాటి. పెద్దపల్లి ప్రాంతపు బట్టీలను చూసిన పిల్లలకు ఈ ఉపమానం వెంటనే పట్టుబడుతుంది. అచ్చు ఒకటే, ఇటుకలు వేలు. ఇంతవరకు బాగున్నది. కాని తరగతిలో ఎవరో ఒక విద్యార్థిని లేచి, "సార్, అచ్చు విరిగిపోతే ఇటుకలకు ఏమవుతుంది?" అని అడిగిందనుకొందాము. తక్కినవారు నవ్వుతారు. నిజానికి ఆ ప్రశ్న ఉపమానపు అంచును తాకింది. కాలి గోడలో చేరిన ఇటుకకు అచ్చుతో ఇక పనిలేదు. ఆబ్జెక్ట్ అట్లా కాదు. జావా వంటి భాషలలో, ఏదైనా పని చేయమని కోరినపుడెల్ల ఆబ్జెక్ట్ ఆ పని తీరును తన క్లాస్‌లోనే వెదకుకొంటుంది. దానికి సొంతంగా ఉండేవి పేరు, రంగు, స్థానం వంటి విలువలు మాత్రమే.

ఆ ఉపమానాన్ని ఇంకొక అడుగు ముందుకు నడిపించి చూడవచ్చును. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో ఓజ కళాకారులు పోతపోసే డోక్రా కంచు, ఇత్తడి బొమ్మలు ప్రసిద్ధమైనవి; 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు లభించింది. మట్టిముద్ద మీద మైనపు దారాలు చుట్టి రూపం తీర్చి, పైన మళ్లీ మట్టి మెత్తి, కాల్చి మైనం కరగించి, ఆ ఖాళీలో కరగిన లోహం పోస్తారు. చల్లారిన తరువాత మట్టిని పగులగొట్టి బొమ్మను తీస్తారు. అచ్చు ఒక్క బొమ్మతోనే సమాప్తం. అట్లయితే అక్కడ క్లాస్ ఏది? పగిలిన మట్టి కాదు. కళాకారుని మనసులో తరతరాలుగా నిలిచిన నెమలి రూపమో, ఏనుగు రూపమో క్లాస్ అనిపించుకొంటుంది. క్లాస్ అనేది వస్తువు కాదు, వస్తువును గురించిన వర్ణన అన్న సంగతి ఇటుక అచ్చు కన్న ఈ పగిలిన అచ్చే బాగా చెబుతుంది.

డెస్క్‌టాప్ ప్రోగ్రాంలు రాసే కొత్తవారిని అన్నింటికన్న ఎక్కువగా వేధించే చిక్కు రెండు ఫారంలది. మొదటి ఫారంలో పేరు చూపే ఒక పెట్టె ఉంటుంది. బటన్ నొక్కితే రెండవ ఫారం తెరుచుకొంటుంది. అక్కడ టైపు చేసిన పేరు మొదటి ఫారంలోకి చేరాలి. విద్యార్థి రెండవ ఫారంలో 'న్యూ' అనే మాటతో మొదటి ఫారంను పిలిచి, దాని పెట్టెలో పేరు ఉంచుతాడు. ప్రోగ్రాం ఏ తప్పూ చూపదు. తెర మీద పేరూ కనిపించదు. యంత్రం మొండికేసిందని విద్యార్థి కలత చెందుతాడు. యంత్రం చెప్పినట్టే చేసింది. 'న్యూ' అన్నందుకు అదే నమూనాలో మరొక కొత్త ఫారంను సృష్టించి, తెర మీదికి రాని ఆ ఫారంలో పేరు భద్రంగా ఉంచింది. కరీంనగర్ వెండి తీగ పనివారు ఒకే నమూనాలో రెండు అత్తరుదానులు చేస్తే, ఒకదానిలో పోసిన అత్తరుకు రెండవది పరిమళించదు కదా! రెండవ ఫారంకు కావలసినది కొత్త అత్తరుదాని కాదు, ముందే తెర మీద ఉన్నదానిని చేరే దారి. ఈ ఒక్క చిక్కు విడిపోతే క్లాస్‌కు, ఆబ్జెక్ట్‌కు గల భేదం జన్మలో మరపురాదు. నిర్వచనాన్ని పదిసార్లు వల్లె వేసినా కలగని జ్ఞానం ఇది.

ఈ భేదం మన శాస్త్రాలకు కొత్తది కాదు. ఆవు అనే జాతి వేరు, దొడ్డిలో కట్టివేసిన ఈ ఆవు అనే వ్యక్తి వేరు అని తార్కికులు ఏనాడో విడదీశారు. అన్నంభట్టు తర్కసంగ్రహంలో పదార్థాలు ఏడు. ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం అని సాగిన ఆ గణన చివర అభావం ఉంటుంది. 'లేకపోవడం' కూడ ఒక పదార్థమే! ప్రాచీనులకు కంప్యూటరు తెలుసునని చెప్పడానికి ఈ ప్రస్తావన కాదు. అటువంటి మాటలు ప్రాచీనులకూ గౌరవం కావు, కంప్యూటరుకూ ఉపయోగం కావు. వస్తువులను గురించి స్పష్టంగా ఆలోచించదలచినవారు ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా ఇంచుమించు ఇవే ప్రశ్నలను ఎదుర్కొంటారన్నదే ఇక్కడి తాత్పర్యం.

అభావం సంగతే చూడండి. ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ హఠాత్తుగా ఆగి, ఆబ్జెక్ట్ లేదన్న అర్థం వచ్చే ఒక సందేశం చూపుతుంది. ఇది ఎదురుకాని విద్యార్థి ఉండడు. పేరు ఉంది, ఆ పేరుకు వస్తువు లేదు. ఆ శూన్యస్థితిని 'నల్' అంటారు. "వస్తువే లేనపుడు పేరును ఉండనివ్వడం ఎందుకు సార్?" అని అడిగినవాడు అమాయకునిగా కనిపిస్తాడు. 1965లో ఈ నల్‌ను ఒక భాషలో ప్రవేశపెట్టిన మహామేధావి టోనీ హోర్, 2009లో దానిని తన వంద కోట్ల డాలర్ల పొరపాటుగా బహిరంగంగా ఒప్పుకొన్నాడు. 2019లో సి షార్ప్ భాషలో, ఫలానా పేరుకు వస్తువు లేకపోవచ్చునా కూడదా అని ముందే ప్రకటించే వీలు కల్పించారు. వెనుక బల్ల మీది అమాయకుడు అడిగినదీ, పండితులు నాలుగైదు దశాబ్దాల తరువాత సవరించినదీ ఒకే విషయం.

మరి విద్యార్థి ఎందుకు అడగడు? ఇంగ్లీషులో అడగాలేమోనన్న జంకు మొదటి కారణం. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి ఇది గడప దగ్గరే అడ్డు. ఉట్నూరు, జైనూరు ప్రాంతాలలో ఇంట గోండి, కొలామి మాట్లాడే పిల్లలకు తెలుగు రెండవ భాష, ఇంగ్లీషు మూడవది, జావా నాలుగవది. (ఆదిలాబాదు జిల్లా గుంజాలలో వెలుగుచూసిన గోండి లిపికి యూనికోడ్‌లో 2018లో చోటు దొరికింది. యంత్రం ఆ లిపిని గుర్తించింది, తరగతి గది ఇంకా ఆ గొంతును గుర్తించవలసి ఉంది.)

పారిభాషిక పదాలన్నింటినీ తెలుగు చేస్తే ఈ చిక్కు తీరుతుందని కొందరి నమ్మకం. అది పూర్తిగా నిజం కాదు. క్లాస్‌ను 'తరగతి' అని అనువదించిన చోట విద్యార్థికి నల్లబల్ల, బెంచీలు కళ్ల ముందు మెదులుతాయి. 'వర్గం' కొంత నయం. వారసత్వం, బహురూపత వంటివి చక్కగా అతుకుతాయి. అతికినవాటిని వాడుకోవాలి, అతకని చోట బటన్, ఫారం, క్లాస్ అనే అనడంలో తప్పులేదు. మాట ఏ భాషదైనా కావచ్చును. వివరణ మాత్రం వినేవాని భాషలో ఉండాలి. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దిలో శాసనం చెక్కించాడు. ఒకే బండ మీద సంస్కృతం, కన్నడం, తెలుగు కందపద్యాలు కలిసి ఉన్నాయి. చదువరికి చేరడమే ప్రధానమని తలచిన ఆ నేల మీద, సగం తెలుగు సగం ఇంగ్లీషుగా అడిగిన ప్రశ్నకు సిగ్గుపడవలసిన పని ఏమున్నది?

తప్పంతా అధ్యాపకులదే అనడం కూడ న్యాయం కాదు. "నా ప్రోగ్రాం పనిచేయడం లేదు" అన్నది ప్రశ్న కాదు, ఫిర్యాదు. శాస్త్రచర్చలో సిద్ధాంతానికి ముందు పూర్వపక్షాన్ని లోపం లేకుండ నిలబెట్టడం నియమం. అదే విధంగా ఏమి జరగాలని అనుకొన్నాడో, ఏమి జరిగిందో, ఏ పంక్తి దగ్గర అనుమానమో విద్యార్థి చెప్పగలగాలి. చెప్పడానికి పూనుకొన్నప్పుడే సగం అనుమానాలు విడిపోతాయి. నేడు కృత్రిమ మేధను అడిగితే ప్రోగ్రాం మొత్తం క్షణంలో రాసిపెడుతున్నదని, ఇక ఈ శ్రమ ఎందుకని కొందరంటారు. ఆ మేధకు కూడ ఏమి కావాలో సరిగా చెప్పవలసినది మనిషే. రెండు అత్తరుదానుల భేదం తెలియనివాడు అది ఇచ్చిన సమాధానంలోని పొరపాటును ఎట్లా పట్టుకొంటాడు?

కళాశాలల్లో ప్రయోగశాల రికార్డు రాయిస్తారు. ఉద్దేశం, ప్రోగ్రాం, ఫలితం అని మూడు శీర్షికలు. ఒకరి రికార్డు చూసి వేరొకరు ఎక్కించడం అందరికీ తెలిసిన రహస్యం. ఆ మూడింటి కింద 'అర్థం కానిది' అని నాలుగవ శీర్షిక పెట్టి, దానికి కూడ మార్కులు ఇస్తే ఎంత బాగుండును! ఎక్కించి రాయడానికి వీలుకాని శీర్షిక అది ఒక్కటే. అటువంటి పుటలు ఒక ఏడాదివి పోగుచేస్తే, మరుసటి ఏడాది అధ్యాపకుడు ఏ పాఠాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిపోతుంది.

జావా రూపకర్తలు చేసినది ఇటువంటి పనే. తొలి పాఠంలో ఇన్ని మాటలెందుకన్న ప్రశ్నను కొత్తవారు ఏళ్ల తరబడి వేస్తూ వచ్చారు. 2023లో వారి కోసమే ఒక మార్పును ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టి, 2025 సెప్టెంబరులో వెలువడిన జావా 25లో దానిని స్థిరపరిచారు. ఇప్పుడు క్లాస్‌ను ప్రకటించకుండా, పబ్లిక్, స్టాటిక్ అన్న మాటలు లేకుండా, మూడు పంక్తులలో పలకరింపు తెర మీదికి వస్తుంది. ఆ భాష పుట్టి అప్పటికి 30 సంవత్సరాలు.