ఆటకు తెలుగు చెప్పడానికి ఎవరిని అడగాలి?

మా అక్క కొడుకు కల్హేర్‌లో ఉంటాడు, ఇంటర్మీడియటు చదువుతున్నాడు. కిందటి వేసవిలో ఊరికి వెళ్ళినప్పుడు వాడి బల్లమీద రెండువందల పేజీల నోటుబుక్కొకటి కనిపించింది. లెక్కల పుస్తకమేమో అనుకొని తెరిచాను. లోపలంతా సంభాషణలు. ఒక ముసలావిడ, ఒక కమ్మరి, ఊరు విడిచి వెళ్ళిపోదామనుకుంటున్న ఒక పిల్ల, వారి మాటలు వరుసగా, తెలుగులో. కథ వ్రాస్తున్నావురా అంటే కాదన్నాడు. వాడు కంప్యూటరులో ఆడుకొనే ఒక చిన్న ఆటలోని మాటలట. "అమ్మమ్మకు సదివి వినిపిస్తున్న మామా. ఆ ముసల్ది అచ్చం అమ్మమ్మ లెక్కనే తిడ్తది" అన్నాడు.

మిత్రులలో ఆటలాడే అలవాటు లేనివారికోసం ఒక్క మాట. మనమొక పాత్రను ధరించి, ఊళ్ళు తిరిగి, ఎదురైనవారితో మాట్లాడుతూ, మన జవాబులనుబట్టి మలుపు తిరిగే కథను నడిపించడం ఈ ఆటల పద్ధతి. రోల్ ప్లేయింగ్ గేములంటారు. పెద్ద కంపెనీల పెట్టుబడి లేకుండా ఒకరో నలుగురో కూర్చొని తయారుచేసుకొనేవి ఇండీ ఆటలు. మావాడిది అటువంటిదే, ఎక్కడో దూరదేశంలో ఒక్క మనిషి చేసి అమ్ముకుంటున్నది. పేరు చెప్పను. ఆ మనిషిమీద నాకు కోపం లేదు, పేరు చెబితే ఉన్నట్టు కనిపిస్తుంది.

నోటుబుక్కుతో ఆగి ఉంటే ఈ టపా ఉండేది కాదు. ఆటలోని మాటలన్నీ ఒక విడి దస్త్రంలో ఉంటాయని వాడు కనిపెట్టాడు. అందులో ఇంగ్లీషు తీసి తెలుగు పెట్టాడు. ఆట తెరిస్తే అక్షరాలు వచ్చాయి గాని ఒత్తులు విడిపోయి, గుడులు పక్కకు జరిగి, "స్త్రీ" అన్న మాట నాలుగు ముక్కలై కూర్చుంది. ఎక్స్‌పీ రోజులలో తెలుగు కనబడడంకోసం సీడీ వెతుక్కొని కాంప్లెక్సు స్క్రిప్టులు స్థాపించుకున్నవాళ్ళం మనం. మనకీ బాధ కొత్తది కాదు. అక్షరాలను పేర్చే పని ఆట ఇంజను చేయాలి. చాలా ఇంజనులకు లాటిను అక్షరాలను పక్కపక్కన పెట్టడమే తెలుసు. 2023లో వచ్చిన గోడాట్ నాలుగవ కూర్పువంటివి హార్ఫ్‌బజ్ సాయంతో మన లిపిని సరిగా పేరుస్తున్నాయి. యూనిటీలో ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రోకు ఆ విద్య పుట్టుకతో రాలేదు. మావాడు నెలరోజులు తంటాలు పడి, మాటలను బొమ్మలుగా మార్చి, ఎలాగో మొదటి అధ్యాయం పూర్తిచేశాడు.

అప్పుడు అడిగాడు: "ఇది నా దోస్తులకు ఇయ్యొచ్చా మామా? కేసు గిట్ల అయితదా?"

నాకు జవాబు తెలియలేదు. చట్టం చదివాను. మన 1957 కాపీరైటు చట్టంలో అనువాదం చేసే హక్కు, అనుసరణ చేసే హక్కు మూలకర్తవే. 52వ సెక్షను సొంత వినియోగానికి, విమర్శకు, సమీక్షకు కొంత వెసులుబాటు ఇస్తుంది. అమ్మమ్మకు చదివి వినిపించడం అందులో ఇముడుతుందనే నా నమ్మకం. నలుగురు స్నేహితులకు దస్త్రం పంచడం ఇముడుతుందని ధైర్యంగా చెప్పలేను. 32వ సెక్షనులో ఒక విచిత్రముంది. ఒక సాహిత్యగ్రంథం తొలిసారి ప్రచురితమైన ఏడేళ్ళ తరువాత దానిని అనువదించి ప్రచురించడానికి అనుమతి కోరుతూ ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. కల్హేర్ నుండి ఒక ఇంటరు కుర్రవాడు ఆట అనువాదానికి అనుమతికోసం పత్రాలు పట్టుకొని తిరగడం తలచుకుంటే నాకు నవ్వొచ్చింది. వాడికి రాలేదు.

చట్టం తలుపు మూసిందనడం సరికాదు. మూసిందో తెరిచిందో తెలియనీయలేదు. అందుకే ఈ ఆటలు చేసేవారు "మా ఆటమీద మీరేం చేసుకోవచ్చు, ఏం చేయకూడదు" అని ఒక పుట వ్రాసి పెడతారు. అభిమానుల సృష్టులకు మార్గదర్శకాలన్నమాట. నా వాదమంతా ఈ పుటగురించే. అది ఆటగాడిమీద చూపించే దయ కాదు. ఆట అమ్మినవాడు ఆటగాడికి చేయవలసిన సేవలో అది భాగం. ఆట తెరుచుకోకపోతే జవాబు చెప్పవలసినవాడే, ఆటతో నేనేం చేయవచ్చునన్న ప్రశ్నకూ జవాబు చెప్పాలి.

"అభిమానులను పట్టించుకోకుండా వదిలేస్తే చాలదా, ఎవరూ అడగరు కదా" అనేవారున్నారు. మన సాహిత్యమే దీనికి సాక్ష్యమంటారు. నిజమే. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు, కవిత్రయభారతంలోనూ లేదు. జనం కల్పించుకున్న కథ అది, 1957లో మాయాబజారు అయింది. వ్యాసుడు సహాయకేంద్రం పెట్టుకోలేదు. గురజాడ గిరీశాన్ని తీసుకొని ముళ్ళపూడి "గిరీశం లెక్చర్లు" చెప్పించారు. మధురవాణిని తీసుకొని పురాణం సుబ్రహ్మణ్యశర్మ ఇంటర్వ్యూలు చేయించారు. కన్యాశుల్కానికి వాటివల్ల ఏ నష్టమూ రాలేదు, పాత్రలు ఇంకా గట్టిగా బ్రతికాయి. ఇదంతా ఒప్పుకుంటాను. అయితే ఆ రచనలు వచ్చేనాటికి గురజాడ లేరు. బ్రతికి ఉండి, ఆ నాటకంమీదే పూట గడుపుకుంటున్న రచయిత సంగతి వేరు.

బ్రతికి ఉన్న కళాకారుల సంగతికి మా ప్రాంతంలోనే ఉదాహరణ ఉంది. తెలంగాణ ఊళ్ళలో చిందు భాగవతం ఆడే కుటుంబాలకు మిరాశీ అనే హక్కుండేది. ఫలానా ఊళ్ళు ఫలానా కుటుంబానివి. ఆ ఊళ్ళో ఆట ఆడే హక్కు వాళ్ళది, ఆడించి గింజలో డబ్బో ఇచ్చే బాధ్యత వాళ్ళను పోషించే కులానిది. ఇంకొక మేళం ఆ ఊళ్ళోకి వచ్చి ఆడడానికి వీల్లేదు. ఆ ఏర్పాటు న్యాయమైనదని నేననడంలేదు, అందులోని కులభారం మనకు తెలియనిది కాదు. ఇక్కడ నాకు కావలసింది ఒక్క సంగతే. ఆ కట్టుబాటుకు మార్గదర్శకాల పుట అవసరం పడలేదు. ఆడేవాడు, ఆడించేవాడు, చూసేవాడు ముఖాలు ఎరిగినవాళ్ళు. తగవు వస్తే తీర్చే పెద్దలు ఆ చుట్టుపక్కలే ఉండేవారు. ఏది చెల్లుతుందో ఏది చెల్లదో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు.

మావాడికీ ఆ దూరదేశపు మనిషికీ మధ్య అటువంటిదేదీ లేదు. ముఖపరిచయం లేదు, భాష ఒకటి కాదు, తగవు తీర్చే పెద్ద లేడు. కనుక మాట వ్రాతలో ఉండాలి. వ్రాతలో లేని ఉదారత వాడిదాకా చేరదు.

వ్రాసి ఉంటే చాలునా అంటే, అదీ చాలదని 2023 జనవరి చూపించింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఇండీ కాదు, ఈ ఆటలన్నిటికీ తాతవంటిది. 2000లో వాళ్ళు ఒక బహిరంగ అనుమతిపత్రం ఇచ్చారు. దానిని నమ్ముకొని ఇరవై ఏళ్ళకు పైగా ఎందరో చిన్నవాళ్ళు సొంత పుస్తకాలు అచ్చువేసుకున్నారు, కొందరు కంపెనీలే పెట్టుకున్నారు. పాత పత్రం ఇక చెల్లదనీ, ఏడాదికి ఏడున్నర లక్షల డాలర్లు దాటిన రాబడిపై నాలుగోవంతు దాకా తమకు చెల్లించాలనీ చెప్పే కొత్త ముసాయిదా ఒకటి ఆ నెలలో బయటికి పొక్కింది. ఆటగాళ్ళు తిరగబడ్డారు. నెల ముగియకముందే, 27వ తేదీన, కంపెనీ వెనక్కు తగ్గి పాత పత్రాన్ని అలాగే ఉంచింది. పైగా మూలనియమాల సంపుటిని క్రియేటివ్ కామన్స్ కింద, మళ్ళీ వెనక్కు తీసుకోవడానికి వీలులేకుండా, ఇచ్చివేసింది. నేను అందులో చూసింది గెలుపు కాదు. ఇరవైమూడేళ్ళ కాపురాలు మూడు వారాలు గాలిలో వేలాడాయి. ఆ కంపెనీ పెద్దది కాబట్టి ప్రపంచం అరిచింది. ఒక్కడు చేసిన ఆటలో ఆ ఒక్కడు రేపు మనసు మార్చుకుంటే అరిచేదెవరు?

ఇండీ పాత్రధారణ ఆటలవాళ్ళే ఈ విషయంలో మేలు. 2010లో అపొకలిప్స్ వరల్డ్ వ్రాసిన బేకర్ దంపతులు తమ పద్ధతిమీద ఎవరైనా సొంత ఆట కట్టుకోవచ్చని, తమను అడగనక్కరలేదని చెప్పారు. బ్లేడ్స్ ఇన్ ది డార్క్ నియమాలను జాన్ హార్పర్ క్రియేటివ్ కామన్స్ కింద పెట్టాడు. వాటినుండి పుట్టిన ఆటలు ఈనాడు ఎన్నో. కంప్యూటరు ఆటలలో స్టార్‌డ్యూ వ్యాలీని చూడండి. ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్ళకు పైగా కూర్చొని చేసి 2016లో విడుదలచేశాడు. అభిమానులు చేతితో చేసుకొనే చిన్నచిన్న వస్తువులను కొద్దిపాటిగా అమ్ముకోవడాన్ని అతడు ఒప్పుకుంటాడు. 2021లో వచ్చిన 1.5.5 కూర్పులో ఆటగాళ్ళే కొత్త భాషలను చేర్చుకొనే వీలు కల్పించాడు. మావాడికిది చెబితే, "ఈయన ఆటనే ముందుగాల కొంటే అయిపోవు" అన్నాడు.

ఆట చేసినవాడి కష్టాన్నీ చూడాలి. ఒక్క మనిషి, ఉత్తరాలు వేలు. అభిమాని మార్చిన దస్త్రంతో ఆట ఆగిపోతే ఆటగాడు తిట్టేది అభిమానిని కాదు, మూలకర్తను. కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా పాత అనువాదం విరుగుతుంది, మళ్ళీ ఉత్తరాలు. స్టార్‌డ్యూ ఆటగాళ్ళు దీనికొక మార్గం చేసుకున్నారు. వారి మార్పులను నడిపే స్మాపీ అనే ఉపకరణం, తప్పు జరిగితే అది ఎవరు చేసిన మార్పువల్లనో పేరుతో చూపిస్తుంది. ఫిర్యాదు వెళ్ళవలసిన ఇంటికే వెళుతుంది. ఈ ఏర్పాటు ఉన్నచోట మూలకర్తకు అభిమానులంటే భయం తగ్గుతుంది, అనుమతి ఇవ్వడానికి చెయ్యి ఆడుతుంది. లేనిచోట "మార్చిన దస్త్రాలకు మేము బాధ్యులం కాము" అన్న ఒక్క వాక్యం మిగులుతుంది.

మాకు వచ్చినదీ అదే. మావాడు ఉత్తరం వ్రాశాడు, నేను ఇంగ్లీషు దిద్దాను. వెంటనే యంత్రం జవాబిచ్చింది, మీ ఉత్తరం అందినది, దాని సంఖ్య ఇది అని. ముప్పై ఎనిమిది రోజులకు మనిషి జవాబిచ్చాడు. మూడే వాక్యాలు. ఆటమీద మీ ప్రేమకు కృతజ్ఞతలు, వ్యాపారేతరమైన అభిమాన సృష్టులను ఆహ్వానిస్తాము, మార్చిన దస్త్రాలతో వచ్చే చిక్కులకు సహాయం చేయలేము. మర్యాదయిన ఉత్తరమే. ఆ "వ్యాపారేతరం" అన్న మాటదగ్గరే మేమిద్దరం ఆగిపోయాము. కంప్యూటరు లేని స్నేహితులకు వాడు తన నోటుబుక్కును జిరాక్సు తీయించి ఇస్తున్నాడు. దుకాణంవాడు పేజీకి రెండు రూపాయలు తీసుకుంటాడు, ఆ డబ్బు స్నేహితులు ఇస్తారు. ఇది వ్యాపారమా? తెలుగులో ఉన్నదని విని పక్కవీధి పిల్లవాడు జిరాక్సు దుకాణంలోనే నేరుగా ఒక ప్రతి అడిగితే, దుకాణంవాడు పది రూపాయలు ఎక్కువ వేసుకొని ఇస్తే, అప్పుడు? వ్యాపారమంటే ఏమిటో ఆ పుట వ్రాసినవాడు తన ఊరి కొలతలతో వ్రాశాడు. నారాయణఖేడ్ దారిలోని జిరాక్సు దుకాణం అతడి ఊహలో లేదు, ఉండాలని నేను కోరడమూ లేదు. ఖర్చుమేరకు తీసుకోవచ్చు, లాభం వద్దు అని ఒక్క ముక్క కలిపితే సరిపోయేది. అనువాదం చేసుకోవచ్చు, అది మా అధికారిక అనువాదం కాదని మొదటి పుటలో చెప్పండి, రేపు మేమే ఆ భాషలో తెస్తే ముందుగా మీకు చెబుతాము, మేము మనసు మార్చుకున్నా ఇప్పటిదాకా చేసినదానికి ఇబ్బంది రాదు అని ఇంకొన్ని ముక్కలు. తన పాత్రలను అసహ్యంగా వక్రీకరిస్తే ఆపే హక్కును ఎలాగూ మన చట్టం 57వ సెక్షనులో కర్తకు ఉంచింది. దానిని ఎవరూ కాదనరు.

ఎవడో పల్లెటూరి కుర్రవాడి సరదాకు ఇంత రాద్ధాంతమా అని మీలో కొందరు అనుకోవచ్చు. 2015లో వచ్చి లోకమంతా ఆడిన అండర్‌టేల్ కర్త టోబీ ఫాక్స్, 2008లో ఎర్త్‌బౌండ్ అనే మరొకరి ఆటను మార్చి ఒక హాలోవీన్ కూర్పు చేసిన కుర్రవాడు. అండర్‌టేల్‌లో అందరికీ తెలిసిన మెగలోవేనియా బాణీ మొదట వినిపించింది ఆ కూర్పులోనే. అప్పుడెవరైనా అతడికి "కేసు అయితది" అని చెప్పి ఉంటే అతడు విని ఉండేవాడేమో. మావాడు అంతవాడవుతాడని నేననను. వాడికి లెక్కలలో మార్కులు రావడంలేదని మా అక్క నాకు వేరే ఫోను చేస్తుంటుంది.

వాడు రెండవ ఉత్తరం వ్రాశాడు, జిరాక్సు సంగతి వివరించి, ఈసారి నా సాయం లేకుండానే. జవాబింకా రాలేదు. ఈలోగా మూడవ అధ్యాయం మొదలుపెట్టాడు, దోస్తులకు మాత్రం ఇవ్వడంలేదు. మా అమ్మకు చదివి వినిపిస్తున్నాడు. ఆ ముసలావిడ చివరకు ఆ పిల్లను ఊరు దాటనిచ్చిందా లేదా అని మా అమ్మ రోజూ అడుగుతోందట.